యాకోబు వంతు గోడ

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. నా పని అలాంటిది. పాత భవనాల బయటి గోడలు, సజ్జలు, పిట్టగోడలు, పైకప్పు అంచులు చూసి ఏది గట్టిగా ఉందో, ఏది ఊడిపడేలా ఉందో చెప్పాలి. హన్మకొండలో ఒక చిన్న ఆఫీసు తరఫున తిరుగుతుంటాను. ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి, మేడం, ఈ గోడలో ఏదో ఉంది అంటారు. ఒకచోట గోడలోంచి ఏడుపు వినిపిస్తుందన్నారు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే సజ్జ కింద పగిలిన పైపు, అందులో గాలి. ఇంకోచోట గోడ మీద మనిషి ఆకారం వచ్చిందని అగరొత్తులు వెలిగించారు. అది అవతలి వైపు బాత్రూమ్ చెమ్మ. ప్లంబర్‌ని పిలవమని చెప్పి వచ్చేశాను.

మా అమ్మ నుంచి మా ఆయన దాకా అందరికీ తెలుసు, ఇలాంటి కథలు నా దగ్గర చెల్లవని. అందుకే దీన్ని ఇంట్లో కూడా సగం సగమే చెప్పాను. ఇంకొకరు చెబితే ముందు నవ్వేదాన్ని నేనే. కానీ అది జరిగినప్పటి నుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. రాసేస్తే కొంచెం నెమ్మదిస్తుందేమో చూద్దాం.

పోయినేడు ఎండాకాలం చివర్లో మహబూబాబాద్‌లో ఒక స్కూలు భవనం చూస్తున్నాను. అప్పుడు ఫోన్ వచ్చింది. పాలకుర్తి నుంచి స్టేషన్ ఘన్‌పూర్ పోయే దారిలో ఒక ఊరు. పేరు రాయను. అక్కడి పాత చర్చికి పెద్ద అయిన దానియేలు గారు మాట్లాడారు. పైనుంచి ఒక రాయి ఊడి పడిందట. కొద్ది రోజుల్లో చర్చిలో పెళ్ళి ఉంది, మనుషులు నిండుగా వస్తారు, ఒకసారి చూసి ఫరవాలేదని చెప్పి పొమ్మన్నారు. చూసి చెప్తాను గానీ ఏం చెప్పాలో మీరు చెప్పొద్దు అన్నాను. నా నోరు అంత మంచిది.

జనగామలో మా ఇంటి నుంచి బస్సులో పోయాను. చర్చి చిన్నదే. రాతి గోడలు, మధ్యలో మట్టి నింపి కట్టినవి. పైన పెంకులు తీసేసి రేకులు వేశారు. వాన ఎప్పుడూ పడమటి నుంచి కొడుతుంది కాబట్టి నేను ముందు పడమటి గోడ దగ్గరికే పోయాను. అక్కడ కనిపించింది చూసి నాకు నవ్వొచ్చింది. గోడ మొత్తం ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక ముక్క తెల్లగా, దాని పక్కది నీలంగా, ఆ పక్కది ఇంకొంచెం ముదురు నీలంగా, పాత చీరలతో కుట్టిన బొంతలాగా.

దానియేలు గారు విడమరిచి చెప్పారు. ఆ ఊళ్ళో చర్చి కట్టినప్పటి నుంచి బయటి గోడను కుటుంబాల వారీగా పంచుకున్నారట. క్రిస్మస్ ముందు ఎవరి వంతుకు వాళ్ళే సున్నం వేసుకోవాలి. ఇంట్లో పెళ్ళి ఉంటే పెళ్ళికి ముందు ఇంకోసారి వేయాలి. సున్నంలో కొందరు నీలిమందు ఎక్కువ కలుపుతారు, కొందరు అసలు కలపరు, అందుకే ఆ తేడా. ఒకరి వంతు మీద ఇంకొకరు కుంచె పెట్టరు. పెడితే ఆ ఇంటి వాళ్ళు ఇక లేరన్నట్టు లెక్కట.

ఆ గోడలో కిటికీ పక్కనున్న వంతు ఒక్కటే నల్లగా పాచి పట్టి ఉంది. అది యాకోబుది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు వరంగల్‌లో దవాఖానలో పోయాడు. అక్కడే పూడ్చిపెట్టారు. ఊరికి తేలేదు, చర్చి మూసి ఉంది, ప్రార్థన కూడా జరగలేదు. అప్పటి నుంచి ఆ వంతుకు సున్నం పడలేదు. దానియేలు గారు తాను వేస్తానంటే యాకోబు భార్య సారమ్మ ఒప్పుకోలేదు, అది ఆయన చేతి పని అని తానూ వేయలేదు.

జరగబోయే పెళ్ళి ఆ సారమ్మ కూతురిదే. పేరు సువార్త. పిల్లవాడిది భూపాలపల్లి వైపు, టేకుమట్ల.

సారమ్మ నేను పని చేస్తున్నంతసేపూ వేపచెట్టు కింద నిలబడి చూస్తూనే ఉంది. పత్తి ఏరుడు, నాట్లు, ఏ కూలి దొరికితే ఆ కూలి చేసుకుని బిడ్డను డిగ్రీ దాకా చదివించిన మనిషి. నేను నీళ్ళు తాగడానికి కూర్చోగానే దగ్గరికి వచ్చింది.

"పెండ్లి గీ చర్చిలనే కావాలె మేడం. ఆయినకు దక్కని ప్రార్థన బిడ్డకన్నా దక్కాలె. జర మంచిగ చూడుండ్రి."

మంచిగానే చూశాను. చిన్న సుత్తితో గోడంతా తట్టుకుంటూ పోయాను. లోపల బోలుగా ఉంటే గుల్ల శబ్దం వస్తుంది. కానీ ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని, ఎక్కడ తట్టినా ఒకే రకం మొద్దు శబ్దం. సన్నని పగుళ్ళు అక్కడక్కడా కనిపించాయి. వాటికి అడ్డంగా గాజు పట్టీలు అతికించి, మార్కర్‌తో సంతకం పెట్టాను. గోడ కదిలితే గాజు విరుగుతుంది. యాకోబు వంతు మీద కూడా ఒకటి అతికించి, పాచి పట్టిన గోడతో సహా ఫోటో తీసుకున్నాను.

ఇంకో పరీక్ష ఉంది. గోడను బాగా తడిపి, ఆరుతుంటే చూస్తూ ఉండాలి. కంటికి కనిపించని పగులు ఉంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. అంతా ఆరిపోయినా ఆ గీత మాత్రం తడిగా ఉంటుంది. అది చేద్దామంటే ఆ రోజు ఊళ్ళో బోరు మోటారు కాలిపోయింది. తాగే నీళ్ళకే పరేషాన్‌లో ఉన్నవాళ్ళను గోడకు నీళ్ళు పోయమంటే ఏం బాగుంటుంది? ఇప్పటికైతే పెద్ద లోపం కనబడలేదు, మళ్ళీ వచ్చి చూసి ఖాయంగా చెప్తానని వచ్చేశాను. సారమ్మ మొహం వెలిగిపోయింది. నేను ఇంకా ఔనని అనలేదమ్మా అన్నా వినలేదు.

ఇంటికొచ్చాక నాకు ఏదో వెలితి. అన్నం తింటూ ఆ ఫోటోలే చూస్తున్నాను. గోడను పెళ్ళి చేసుకోకపోయావా అని మా ఆయన ఎగతాళి చేశాడు.

రెండోసారి మృగశిర కార్తెకు ముందు పోయాను. ఎండ అగ్గిలా ఉంది. చర్చి మలుపు తిరగ్గానే చూశాను, యాకోబు వంతు తెల్లగా మెరుస్తోంది. నల్లటి పాచి లేదు. పైనుంచి కింది దాకా, కిటికీ అంచు వెంబడి, అంగుళం కూడా పక్క వాళ్ళ వంతులోకి పోకుండా నీటుగా సున్నం. నా గాజు పట్టీ మీద నుంచి కూడా వేసేశారు.

నాకు ఒళ్ళు మండింది. మేము చూడటానికి వస్తున్నామంటే ముందే పైపైన పూసి లోపాలు కప్పేయడం అందరికీ అలవాటే. దానియేలు గారిని పట్టుకుని కడిగేశాను. పెళ్ళి ఆగుతుందని భయమైతే నన్నెందుకు పిలిచారు, ఎవరికైనా ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది అని గట్టిగానే అడిగాను. ఆయన ముందు నా మొహం చూశారు, తర్వాత గోడను చూశారు. దగ్గరికి పోయి వేలితో గీకి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"గిది మేం దెచ్చే పొడి సున్నం గాదు మేడం. గిది బట్టీ సున్నం. గా బట్టీ బందై శానేండ్లయింది."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. అరచేతికి తడి సున్నం అంటింది. ఆ ఎండకు సున్నం ఎంతోసేపు తడిగా ఉండదు. అంటే వేసినవాళ్ళు ఇప్పుడే వేసి పోయి ఉండాలి. బొక్కెన గానీ కుంచె గానీ ఎక్కడైనా ఉందేమోనని చర్చి చుట్టూ తిరిగాను. ఏమీ లేదు. తిరిగి అదే చోటికి వచ్చి కిందికి చూశాను.

కింద నేల శుభ్రంగా ఉంది. సున్నం వేసేవాళ్ళు ఎంత పనిమంతులైనా కింద చుక్కలు పడకుండా వేయలేరు. పక్క వంతుల కింద పోయిన క్రిస్మస్ చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. ఇక్కడ ఒక్కటి లేదు.

ఎవరో గోనెసంచి పరిచి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూ నిలబడి ఉండగానే గోడ ఆరడం మొదలైంది. పైనుంచి తెల్లబడుతూ వచ్చింది. అంతా తెల్లబడినా ఒక గీత మాత్రం బూడిద రంగులో తడిగా ఉండిపోయింది. కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా దిగి, నా గాజు పట్టీకి జానెడు దూరంలో నుంచి పోయి, పునాది దగ్గర ఆగింది.

నేను చేయలేకపోయిన పరీక్ష అది. నాకంటే ముందు ఎవరో చేసి పెట్టారు.

ఉలి తెచ్చి ఆ గీత మీద తవ్వాను. సున్నం పెచ్చులు రాలాయి. యాకోబు ఉన్నన్నాళ్ళూ ఏటా పగుళ్ళలోకి సున్నం పోయి, ఎండి, గట్టిబడి, పైకి గోడ మంచిగానే కనబడుతూ వచ్చింది. దాని వెనుక నా చెయ్యి మణికట్టు దాకా పోయింది. బయటి రాయి వరుస, లోపలి రాయి వరుస ఒకదాన్నొకటి వదిలేశాయి. రేకుల బరువంతా ఆ గోడ మీదే ఉంది. నేను అతికించిన గాజు పట్టీలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని నమ్ముకుని ఉంటే పెళ్ళి చేసుకోండని చెప్పి పోయేదాన్ని.

సారమ్మకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చర్చి లోపలికి పిలిచి, గోడకు దూరంగా తూర్పు వైపు బెంచీ మీద కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెళ్ళి ఇందులో కుదరదు, ఆదివారం ప్రార్థన కూడా ఇక వద్దు అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె ఒకటే అడిగింది, ఆ గీత ఎవరి వంతులో కనబడిందని. చెప్పాను.

"అయితె ఆయినే అద్దన్నట్టు. అద్దు మేడం. గీ చర్చిల జెయ్యం."

నాకు ఎందుకో కోపం వచ్చింది. ఆయన కాదమ్మా, చెప్పేది నేను, చదువుకుని వచ్చి చెప్తున్నాను అని అంటున్నాను. మాట మధ్యలో ఆగిపోయాను.

గోడ అవతల నుంచి చప్పుడు. చర్, చర్, చర్. కొంచెం ఆగి, కుంచె ముంచుకున్నంత సేపు, మళ్ళీ చర్, చర్, చర్. సున్నం వేసే చప్పుడు నేను వందసార్లు విని ఉంటాను. దాన్ని వేరేదనుకునే అవకాశం లేదు. బయట మిట్టమధ్యాహ్నం, తలుపు బార్లా తెరిచి ఉంది, రోడ్డు మీద ఆటో పోతున్న శబ్దం కూడా వినబడుతోంది. సారమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. భయంతో కాదు. ఇంట్లో పెనిమిటి వస్తే సర్దుకుని కూర్చున్నట్టు కూర్చుంది.

నేను బయటికి ఉరికాను. ఎవరూ లేరు. దానియేలు గారు అటు దూరంగా వేపచెట్టు కింద ఎవరితోనో ఫోన్‌లో ఉన్నారు. ఇందాక ఆరిపోయి తెల్లబడిన వంతు మళ్ళీ తడిగా ఉంది. నేను ఉలితో తవ్విన చోటు మాత్రం వదిలేసి, దాని చుట్టూ జాగ్రత్తగా వేశారు.

ఈసారి ఎవరినీ అడగలేదు. గోడకు దూరంగా ముళ్ళకంప వేయించి, ఎవరూ అటు పోవద్దని చెప్పి, వచ్చిన బస్సెక్కాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక గానీ చూసుకోలేదు, నా అరచేతికి సున్నం అలాగే ఉంది. ఇంటికొచ్చి సబ్బుతో కడిగాను. ఆ వారమంతా నిద్ర సరిగ్గా లేదు. వాన వచ్చేలా ఉందా లేదా అని మాటిమాటికీ ఫోన్లో చూడటం, మా ఆయన చేత తిట్లు తినడం.

పెళ్ళికి సారమ్మ పిలిచింది. పోవద్దనుకున్నాను గానీ కాలు ఆగలేదు. చర్చికి తూర్పున స్కూలు మైదానంలో టెంటు వేశారు. ముందు రోజు ఒక మోస్తరు వాన పడింది. గోడ నిక్షేపంగా నిలబడే ఉంది. నన్ను చూడగానే గుసగుసలు. గోడ మేడం వచ్చింది అని కుర్రకారు నవ్వారు. చర్చి పెట్టుకుని టెంటులో పెళ్ళేందని టేకుమట్ల వాళ్ళు సారమ్మను అడుగుతుంటే, ఆమె చేతులు నలుపుకుంటోంది. దానియేలు గారు నాతో ముక్తసరిగా మాట్లాడారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గోడ కూలకూడదు, నా మాట నిలబడాలి. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కోరుకోవాలో తెలియలేదు.

ప్రార్థన అయింది, ఉంగరాలు మార్చుకున్నారు, భోజనాలు మొదలయ్యాయి. నేను ప్లేటు పట్టుకుని కూర్చున్నాను కానీ నా కళ్ళు అటే ఉన్నాయి. టెంటు అంచున కూర్చుంటే చర్చి పడమటి మూల కనబడుతుంది. పిల్లవాడి వాళ్ళ బండి పెట్టడానికి ఎవరో ముళ్ళకంప పక్కకు లాగేశారు. అది చూసి లేవబోతుండగా సువార్త కనబడింది. తెల్ల చీర, తల మీద పూలు, ఒక్కతే గోడ వైపు నడుస్తోంది.

ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అత్తగారింటికి పోయే పిల్ల తన పుట్టింటి వంతు గోడకు చెయ్యి ఆనించి పోవాలి.

కేక వేశాను. మైకులో పాటలు. ప్లేటు పడేసి పరిగెత్తాను. సారమ్మ నా వెనకాలే. ఆ పిల్ల గోడకు నాలుగు అడుగుల దూరంలోకి పోయింది, చెయ్యి కూడా చాపింది. చాపి, ఆగింది. కిందికి చూసుకుని చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. తడి సున్నం అంటుతుందేమోనని జాగ్రత్తపడ్డట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. అలా చీర చూసుకుంటూనే వెనక్కి వెనక్కి వచ్చేసింది. నేను పోయి రెక్క పట్టుకుని లాగాను.

అప్పుడు కూలింది గోడ. పెద్ద చప్పుడేమీ లేదు. ముందు మట్టి జారిన శబ్దం, తర్వాత నేల అదిరింది, పైన రేకులు వంగి లోపల బెంచీల మీద పడ్డాయి. యాకోబు వంతు, దానికి అటూ ఇటూ ఉన్న వంతులు, అన్నీ ఒక్కసారే. దుమ్ము తగ్గేసరికి ఆ పిల్ల చెయ్యి చాపిన చోట నా నడుమెత్తు రాళ్ళ కుప్ప ఉంది. పాటలు ఎవరు ఆపారో తెలియదు.

ఎవరికీ ఏమీ కాలేదు. సారమ్మ కూతుర్ని కావలించుకుని నేల మీద కూలబడింది. దానియేలు గారు వంగిన రేకుల కింద నలిగిన బెంచీలను చూస్తూ నిలబడ్డారు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు కూడా.

ఎందుకు ఆగావమ్మా అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది, మీరు వినలేదా అన్నట్టు.

"సున్నం అంటుతది, జర దూరముండు బిడ్డా అన్నడు. చిన్నప్పుడు గిట్లనే అంటుండె."

సారమ్మ కొంగుతో కూతురి మొహం మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది.

నేను ఆలోచించగలిగినంత ఆలోచించాను. ఎవరో ఊరివాళ్ళు సారమ్మ మీద జాలితో చెప్పకుండా సున్నం వేసి ఉండవచ్చు. ఎవరింట్లోనో పాత బట్టీ సున్నం మిగిలి ఉండవచ్చు. ఆ పిల్లకు కళ్ళముందు గోడ కొంచెం కదిలినట్టు అనిపించి, మనసు నాన్న గొంతుతో హెచ్చరించి ఉండవచ్చు. విడివిడిగా అన్నిటికీ ఏదో ఒకటి చెప్పగలను. కానీ ఆ చప్పుడు నేనూ విన్నాను. వదిలేసిన ఉలి గుంత నేనూ చూశాను. నా దగ్గర రెండు ఫోటోలు ఉన్నాయి, ఒకదాంట్లో గోడ నలుపు, ఒకదాంట్లో తెలుపు. ఆఫీసులో చూపిస్తే, ఎవరో వేశారు మేడం, ఇందులో ఏముంది అన్నారు. ఎవరైనా తెచ్చి చూపిస్తే నేనూ అదే అనేదాన్ని.

పడమటి గోడను కొత్తగా కట్టారు. ఈసారి నేనే దగ్గరుండి చూసుకున్నాను. బయటి వైపుకు సున్నం వద్దు, వాన ఆపే రంగు వేయించండని చెప్పాను. క్రిస్మస్ ముందు దానియేలు గారు ఫోన్ చేశారు. గోడంతా రంగు వేయిస్తున్నామని, కిటికీ పక్కన యాకోబు వంతు వచ్చే చోటు ఏం చేయాలని అడిగారు. అలా అడుగుతారని నాకు ఎక్కడో తెలుసు కాబోలు, ఆలోచించకుండానే జవాబు వచ్చేసింది. అక్కడ రంగు వేయొద్దు, ఉత్త సిమెంటు పూతతో వదిలేయండి అన్నాను. చెమ్మ పడుతుంది కదా మేడం అని ఆయన అనలేదు. నేనూ కారణం చెప్పలేదు.

సువార్త టేకుమట్లలో ఉంది. మొన్న బిడ్డ పుట్టిందని సారమ్మ ఫోన్ చేసి చెప్పింది. పసిదాన్ని తీసుకుని వచ్చినప్పుడు ముందు గోడ దగ్గరికే పోతారట, తప్పకుండా రమ్మంది. పోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. పాలకుర్తి నుంచి స్టేషన్ ఘన్‌పూర్ బస్సెక్కితే మాత్రం చర్చి కనబడే వైపు కిటికీ సీటే చూసుకుంటాను. సీటు లేకపోతే నిలబడి వంగి చూస్తాను. ఆ ఒక్క ముక్క ఇప్పటిదాకా సిమెంటు బూడిద రంగులోనే ఉంది, ఇంకా సున్నం పడలేదు.